ముగ్గు పోసేదాకా పక్కింటికి తెలియదు

మా ఊళ్లో పక్క స్థలంలో ఇల్లు లేస్తోందని తెలిసేది ముగ్గు పోసిన రోజునే. మేస్త్రీ తెల్లారకముందే వస్తాడు. నాలుగు మూలలా మేకులు కొట్టి, దారం లాగి, దాని వెంబడి సుద్దపొడి పోస్తాడు. పక్కింటామె చీపురు చేత్తో పట్టుకునే బయటికొచ్చి, "ఏం కడుతున్రు? ఎన్నంతస్తులు?" అని అడుగుతుంది. అప్పటికి పర్మిషన్ కాగితం ఓనరు ఫోన్‌లో ఉంటుంది. ఫీజు కట్టేసి ఉంటాడు. పిల్లర్ గుంతలకు జేసీబీ మాట్లాడుకుని ఉంటాడు. ఆమెకు ఎవరు ఏ జవాబు చెప్పినా ఇక అక్కడ జరిగేది మారదు.

నేను ప్లాన్లు గీస్తాను. ట్రేసింగ్ పేపరు మీద రోట్రింగ్ పెన్నుతో గీసి, అమ్మోనియా వాసన కొట్టే ప్రింట్లు తీయించి, మున్సిపాలిటీ ఇన్‌వార్డులో ముద్ర కోసం నిలబడిన కాలం నుంచి, ఇవాళ ఆటోక్యాడ్ ఫైలు అప్‌లోడ్ చేసి ఇంట్లో కూర్చునే కాలం దాకా ఇదే నా బువ్వ. ఉత్తర తెలంగాణలో ఓ మోస్తరు మున్సిపాలిటీ మాది. ఇన్నేళ్లుగా ఈ పనిలో ఉన్నా ఒక సంగతి నాకు కొరుకుడు పడలేదు. ప్లాను మీద ఓనరు సంతకం ఉంటుంది, గీసిన నాది ఉంటుంది, మంజూరు చేసిన అధికారిది ఉంటుంది. ఆ గోడ పక్కన బతకబోయేవాళ్ల సంతకం మాట దేవుడెరుగు, వాళ్లకు కబురు కూడా ఉండదు.

'మున్సిపాలిటీ పర్మిషన్ ఇచ్చింది' అని అందరం అంటాం. ఆ మాట వింటే కౌన్సిల్ హాలు, చైర్మన్ కుర్చీ, సభ్యులు లేచి మాట్లాడటం, చేతులెత్తడం కళ్లముందు కదులుతాయి. అలాంటిదేమీ జరగదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇంటి ప్లానుకు అనుమతి ఇచ్చే అధికారం మున్సిపల్ కమిషనర్‌ది. పెద్ద కట్టడాలైతే ఫైలు పట్టణాభివృద్ధి సంస్థకో, రాష్ట్ర పట్టణ, గ్రామీణ ప్రణాళికా విభాగమైన డీటీసీపీకో పోతుంది. కౌన్సిల్ ఎజెండాలో నల్లా పైపులుంటాయి, మోరీలుంటాయి, వీధి దీపాలు, కుక్కలు, దోమల మందు ఉంటాయి. ఫలానా వార్డులో ఫలానా సర్వే నంబరులో ఐదంతస్తుల కట్టడం రాబోతోంది, రోడ్డు సరిపోతుందా, మోరీ తట్టుకుంటుందా అన్న చర్చ నేనెన్నడూ వినలేదు. కౌన్సిలర్లే నన్నడుగుతారు, "మా వార్డులో ఆ మూల మీద ఏం లేస్తుందన్నా?" అని. ఎన్నికైన మనిషి ప్లాను గీసేవాణ్ని అడిగి తన వార్డు సంగతి తెలుసుకోవాల్సి వస్తోంది!

రాజ్యాంగం మాత్రం వేరే మాట చెబుతుంది. 74వ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. పట్టణ స్థానిక సంస్థలకు అప్పజెప్పదగిన విషయాలంటూ అది 12వ షెడ్యూలులో 18 అంశాలు రాసింది. వాటిలో మొట్టమొదటిది పట్టణ ప్రణాళిక. రెండోది భూ వినియోగం, భవన నిర్మాణాల నియంత్రణ. మురికివాడలు, పార్కులు, శ్మశానాలు, పశువుల దొడ్లు అన్నీ వాటి తర్వాతే. మనవాళ్లు తర్వాతివన్నీ కౌన్సిల్ హాల్లో పెట్టి, మొదటి రెండూ లోపలి గదిలో పెట్టుకున్నారు.

దీనికి రుజువు ఎక్కడో వెతకనక్కర్లేదు. 2020 జనవరిలో ఎన్నికైన తెలంగాణ మున్సిపల్ పాలకవర్గాల గడువు 2025 జనవరి ఆఖర్లో తీరింది. ఎక్కువ మున్సిపాలిటీలు ప్రత్యేకాధికారుల చేతికి వెళ్లాయి. కౌన్సిలర్ లేడు కదా అని మోరీ పనులకు ఎవరిని పట్టుకోవాలో తెలీక జనం తిప్పలు పడ్డారు. నా పనికి మాత్రం ఒక్క రోజు ఆటంకం రాలేదు. అప్‌లోడ్ చేసిన ప్లాన్లు ఎప్పట్లాగే మంజూరయ్యాయి. కౌన్సిల్ ఉందో లేదో ప్లాన్ల ఫైళ్లకు తెలియనే తెలియలేదు. ఇంతకంటే ఏం చెప్పాలి?

అధికారులను తిట్టడానికి ఇది రాయడం లేదు. పాత రోజులెట్లా ఉండేవో నాకు బాగా గుర్తు. ఒక చిన్న ఇంటి ఫైలుకు ఈ వారం ఒక షార్ట్‌ఫాల్, దాన్ని తీరిస్తే పై వారం ఇంకొకటి. ఉన్న లోపాలన్నీ ఒకేసారి చెప్పిన పాపాన పోలేదు. 'సార్ ఫీల్డ్‌కి పోయిండు, సార్ మీటింగ్‌ల ఉన్నడు' అనే రెండు వాక్యాల మధ్య జనం చెప్పులరిగాయి. చైన్‌మన్ చేతిలో ఏమన్నా పడితే టేపు తొందరగా బయటికొచ్చేది. ఆ బాధ చాలావరకు 2020 నవంబరులో తెలంగాణలో వచ్చిన ఆన్‌లైన్ అనుమతుల విధానం టీఎస్ బీపాస్ తప్పించింది. 75 గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు దాటకపోతే పర్మిషనే అక్కర్లేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. 600 గజాల లోపు, 10 మీటర్ల ఎత్తు లోపు ఇల్లయితే యజమాని స్వీయ ధ్రువీకరణ మీద అప్పటికప్పుడే అనుమతి. అంతకు మించినవి, వ్యాపార కట్టడాలు, సింగిల్ విండోలో 21 రోజుల్లో తేల్చాలి. తేల్చకపోతే 22వ రోజున ఇచ్చినట్టే లెక్క. ఆంధ్రప్రదేశ్‌లోనూ స్వీయ ధ్రువీకరణ బాటే పట్టారు. కట్టుకునేవాడి వైపు నుంచి చూస్తే ఇది మంచి మార్పు. దాని వల్ల నాకూ బీపీ తగ్గింది.

అయితే ఈ సంస్కరణలన్నీ ఇద్దరు మనుషుల మధ్య వ్యవహారాన్నే సరిచేశాయి. దరఖాస్తు పెట్టేవాడు, అనుమతి ఇచ్చేవాడు. మూడోవాడొకడున్నాడని ఏ సాఫ్ట్‌వేరుకూ తట్టలేదు. దరఖాస్తు పెట్టే పోర్టల్‌లో నేను నింపే గడులు చాలా ఉన్నాయి. స్థలం కొలతలు, రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాకులు, ఇంకుడు గుంత, చెట్లు కూడా. నాలుగు దిక్కుల్లో ఏముందో రాయాలి. 'తూర్పు: పొరుగువారి ఇల్లు' అని రాస్తాం. ఆ పొరుగువారికి ఈ సంగతి చెప్పారా అన్న గడి మాత్రం లేదు. మా దస్తావేజుల్లో పొరుగువాడంటే ఒక సరిహద్దు, అంతే.

దగ్గర్నుంచి చూడాలంటే 150 గజాల ప్లాటు తీసుకోండి. మా దగ్గర ఎక్కువగా అమ్ముడయ్యే సైజు అదే. చదరపు మీటర్లలో 125. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల జీవో 168 ప్రకారం ఆ స్థలంలో 10 మీటర్ల ఎత్తు ఇంటికి పక్కలా వెనకా వదలాల్సింది ఒక మీటరు. మూడుంపావు అడుగులు. పక్కవాడు తన వైపు అంతే వదిలితే రెండు గోడల మధ్య ఆరున్నర అడుగులు మిగులుతాయి. అందులోనే సెప్టిక్ పైపులు, ఏసీ డబ్బాలు, వంటింటి ఎగ్జాస్టు, బట్టలారేసుకునే తీగ. ఇక వదలాల్సిన మూడుంపావు అడుగులు అడుగున్నరైతే? పై అంతస్తులో బాల్కనీ పేరుతో అదీ మింగేస్తే? అది గాలి, వెలుతురు, నిప్పంటుకుంటే మనిషి పారిపోయే తోవ. ఆ కొలత కాగితం మీద ఉన్నంత ఉందా లేదా అని రోజూ కళ్లారా చూడగలిగేది ఒక్కరే. పక్కింటివాళ్లు. వాళ్ల దగ్గర ప్లాను కాపీ లేదు. టేపు పట్టుకుని కొలిచినా, ఎంతుండాలో తెలియదు.

మంజూరు కాపీని కట్టే చోట అందరికీ కనిపించేలా పెట్టాలని అనుమతి పత్రం షరతుల్లోనే ఉంటుంది. 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఉత్తరప్రదేశ్ కేసొకదానిలో తీర్పిస్తూ దేశమంతటికీ ఇదే మాట గట్టిగా చెప్పింది. నిర్మాణం సాగినన్నాళ్లూ ఆమోదించిన ప్లాను సైటు దగ్గర ప్రదర్శించాలి, అధికారులు మధ్యమధ్యలో వచ్చి చూడాలి, పూర్తయినట్టు ధ్రువపత్రం లేనిదే కరెంటు, నీటి కనెక్షన్లు ఇవ్వొద్దు, బ్యాంకులు ఆ పత్రం చూసుకునే అప్పివ్వాలి అని. నేను తిరిగే సైట్ల దగ్గర నాకు కనిపించేవి ఇనుము కంపెనీ బోర్డు, సిమెంటు కంపెనీ బోర్డు, దిష్టిబొమ్మ. ప్లాను ఓనరు బీరువాలో భద్రంగా ఉంటుంది. ఒకవేళ పెట్టినా అది మంజూరయ్యాక పెట్టేది. తప్పు పట్టడానికి పనికొస్తుంది గాని, మాట చెప్పడానికి పనికి రాదు.

మా ఊళ్లోనే ఒక కాలనీ సంగతి చెబుతాను. నలభై అడుగుల రోడ్డు మీద పెద్ద ప్లాటులో ఒక ప్రైవేటు ఆసుపత్రి వచ్చింది. ఆ ప్లాను గీసింది నేను కాదు, కాని తర్వాత చూశాను. నిబంధనల ప్రకారం వేలెత్తి చూపడానికి ఏమీ లేదు. సెట్‌బ్యాకులు సరిగ్గా ఉన్నాయి, పార్కింగ్ ఉంది. అయితే జనరేటరు ఉత్తరం వైపు పెట్టారు. ఆ వైపు గోడకు ఆనుకునే రిటైరైన టీచరుగారి పడగ్గది. ఆసుపత్రి చెత్త గది పడమటి మూలన పెట్టారు. దానికి ఆరు గజాల దూరంలో ఇంకొకరి వంటిల్లు. దక్షిణం వైపు ఇళ్లే లేవు, ఖాళీ జాగా. ఆ రెండూ అటు జరిపితే ఎవరికీ ఏ బాధా ఉండేది కాదు. ప్లాను దశలో అయితే అది నాలాంటివాడికి పది నిమిషాల పని. మౌస్‌తో పట్టుకుని ఇటునుంచి అటు లాగడమే. స్లాబు పడి, కేబుళ్లు నడిచి, డక్టులు కట్టేశాక దాన్ని కదిలించాలంటే లక్షలు.

కాలనీవాళ్లు ప్రజావాణికి వెళ్లారు. సోమవారం కలెక్టరేట్‌లో క్యూలో నిలబడి దరఖాస్తిచ్చారు. అది 'తగు చర్య నిమిత్తం' అంటూ మున్సిపాలిటీకి, అక్కడి నుంచి టౌన్ ప్లానింగ్ సెక్షన్‌కి, అంటే అనుమతి ఇచ్చిన టేబుల్ మీదికే వచ్చింది. 'నిబంధనల మేరకే అనుమతి మంజూరు చేయబడినది' అని జవాబొచ్చింది. ఆ జవాబు అబద్ధం కాదు. టీచరుగారు ఆ కాగితం నాకు చూపిస్తూ, "తమ్ముడూ, నేను ఆసుపత్రి వద్దన్ననా? ఆ మెషినొక్కటి అటు పెట్టుమన్న. ముందే ఒక్క మాట అడిగితే పోయేదేముండె?" అన్నారు. ఇప్పుడు ఆయన పడగ్గది మార్చుకున్నారు. ఆసుపత్రి డాక్టరుకూ ఆయనకూ మాటల్లేవు. తగాదా పెట్టుకోవాలని ఇద్దరిలో ఎవరికీ లేదు. ముందే మాట్లాడుకునే చోటు లేక అది అట్లా తయారైంది.

పొరుగువాడికి చెప్పడం అనేది మనకేమైనా పరాయి ఆచారమా? పొలం కొలవాలంటే సర్వేయరు చుట్టుపక్కల పట్టాదారులకు నోటీసివ్వాలి, వాళ్ల ఎదుటే గొలుసు లాగాలి. ఎకరం భూమి హద్దు చూడటానికే అంత పద్ధతి పెట్టుకున్న మనం, ఆ ఎకరంలో యాభై కుటుంబాల అపార్ట్‌మెంటు లేపేటప్పుడు ఒక్క ఇంటికీ కాగితం పంపం. ఇంకో విడ్డూరం వినండి. ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి చేసుకోవాలనుకునే జంట పేర్లు రిజిస్ట్రారు ఆఫీసు గోడ మీద ముప్పై రోజులు పెట్టి, అభ్యంతరాలుంటే చెప్పండని లోకాన్ని పిలుస్తారు. ఇద్దరు పెళ్లి చేసుకుంటే పక్కవాడికేం నష్టమో నాకు తెలియదు. ఐదంతస్తులు లేస్తే ఏం నష్టమో మాత్రం చూపించగలను.

అభ్యంతరాలు అడగాలని చట్టం కచ్చితంగా చెప్పే సందర్భం మన ప్రణాళికా వ్యవస్థలో ఒకటుంది. మాస్టర్ ప్లాను. అడిగితే ఏమవుతుందో మాకు దగ్గర్లోనే, కామారెడ్డిలో చూశాం. 2022 ఆఖర్లో అక్కడ ముసాయిదా మాస్టర్ ప్లాను బయటపెట్టి, అభ్యంతరాలకు 60 రోజులు గడువిచ్చారు. పట్టణంలో కలిసిన గ్రామాల రైతులు నకలు తెచ్చుకుని చూస్తే, తమ పంట పొలాల మీద పారిశ్రామిక జోను రంగు వేసి ఉంది. అడ్లూర్ ఎల్లారెడ్డి రైతు ఒకరు ప్రాణం తీసుకున్నారు. 2023 జనవరి మొదటి వారంలో కలెక్టరేట్ ముందు వేలమంది కూర్చున్నారు, బంద్ జరిగింది. రైతులు కౌన్సిలర్ల ఇళ్లకు పోయి, మా ఓట్లతో గెలిచి మాకు చెప్పకుండా ఇదేం పని అని నిలదీశారు. ఆఖరికి జనవరి 20న కౌన్సిల్ సమావేశమై ఆ ముసాయిదాను రద్దు చేయాలని తీర్మానించింది. జగిత్యాల కౌన్సిల్ కూడా అదే నెలలో తన ముసాయిదా మీద అలాంటి తీర్మానమే చేసింది.

దాన్ని చాలామంది కౌన్సిళ్ల పిరికితనంగానో, ప్రతిపక్షాల రాజకీయంగానో చూశారు. నాకు అందులో వేరే సంగతి కనిపించింది. పట్టణం మ్యాపు మీద రంగులేసేవాళ్లు ఎక్కడో కన్సల్టెన్సీలో ఉంటారు. వాళ్లకు ఆ పొలం ఒక పాలిగాన్. దాని మీద ఎవరు బతుకుతున్నారో కౌన్సిలర్‌కు తెలుసు. తెలిసినా ముందు నోరు విప్పలేదు, ఎందుకంటే ముసాయిదా వేసేటప్పుడు ఆయన్నెవరూ పిలిచి కూర్చోబెట్టి అడగలేదు. జనం తలుపు తట్టాక గాని కౌన్సిల్‌కు తనకొక నోరుందని గుర్తు రాలేదు. ఆ నోటీసూ ఆ 60 రోజుల గడువూ చట్టంలో లేకపోతే రైతులకు తెలిసేదెప్పుడు? ఏ బ్యాంకుకో, ఏ రిజిస్ట్రేషనుకో పోయినప్పుడు. ఒక ప్రాణం పోకముందే ఈ మాటలు కౌన్సిల్ హాల్లో జరిగి ఉండాల్సింది.

మా మేనల్లుడు ఇంగ్లండ్‌లో ఉంటాడు. ఇల్లు కొనుక్కుని వంటింటిని వెనక్కి పెంచుదామనుకున్నాడు. కౌన్సిల్‌కు దరఖాస్తు పెట్టగానే, ఆ కౌన్సిలే రెండు వైపులా ఉన్న ఇళ్లకు ఉత్తరాలు పంపింది. చెప్పదలుచుకున్నది చెప్పడానికి మూడు వారాల గడువు. కుడివైపు ముసలాయన తన గది కిటికీకి వెలుతురు తగ్గుతుందని రాశాడు. అధికారి వచ్చి చూసి, గోడను కాస్త కురచ చేయమన్నాడు. వీడు చేశాడు, అనుమతొచ్చింది. "మామా, మొదట్ల కోపమొచ్చింది గని, ఇప్పుడు ఆయనే మా పిలగాణ్ని ఆడిస్తడు" అని ఫోన్‌లో నవ్వాడు. అక్కడా చిన్న దరఖాస్తులన్నీ సభ్యులు చూడరు, ఎక్కువ భాగం అధికారులే తేలుస్తారు. వివాదమున్నవి, పెద్దవి మాత్రం కౌన్సిలర్లతో కూడిన ప్లానింగ్ కమిటీ ముందుకొస్తాయి. ఆ సమావేశంలో ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. చాలాచోట్ల కట్టుకునేవాడికీ, వద్దనేవాడికీ చెరో మూడు నిమిషాలిస్తారు. వెలుతురు, చూపు పడటం, రోడ్డు రద్దీ, చప్పుడు లాంటి కారణాలు లెక్కలోకి వస్తాయి. 'మా ఇంటి ధర పడిపోతుంది' అంటే లెక్కలోకి రాదు. కాదంటే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి, దాని మీద అప్పీలుంది.

అదంతా స్వర్గమని నేననను. ప్రతి కొత్త ఇంటినీ అడ్డుకోవడం అక్కడి ఉన్నవాళ్లకు అలవాటైపోయిందనీ, ఇళ్ల కరువుకు అదీ ఒక కారణమనీ ఆ దేశంలోనే గోల ఉంది. మనకు ఇళ్లు కావాలి, తొందరగా కావాలి. కూలి చేసుకునేవాడు వంద గజాల్లో రెండు గదులేసుకోవడానికి పక్కవాడి దయ కోసం నిలబడే రోజు రావాలని నేను కోరుకోను. వాళ్ల పద్ధతి మొత్తం ఎత్తుకు రమ్మనడం లేదు. అందులోంచి ఉత్తరం ఒక్కటి తెచ్చుకుందాం.

నేనీ మాట అనగానే మా ఊరి బిల్డర్లు ఒంటికాలి మీద లేస్తారు. "అన్నా, మతుండే మాట్లాడుతున్నవా? పక్కోడికి నోటీసిస్తే వాడు రేటు చెప్తడు. కౌన్సిలర్‌కు ఫైలు చూపిస్తే స్లాబుకింత అంటడు" అంటారు. వాళ్ల భయం ఉత్తుత్తిది కాదు. స్లాబు పడుతుంటే బండేసుకుని వచ్చి నిలబడే మనుషుల గురించి పేపర్లో చదువుతూనే ఉన్నాం. కట్టేవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. కాని ఒక్కసారి ఆలోచించండి, ఆ వసూళ్లు ఎక్కడ పుడుతున్నాయి? ప్లాను ఎవరికీ తెలియకపోవడంలోనే. ఏ సైటులో ఏ అంతస్తు అదనంగా పడుతోందో నలుగురికే తెలుసు గనుక ఆ నలుగురూ దాన్ని అమ్ముకుంటున్నారు. వీధిలో అందరికీ తెలిసిన సంగతికి ధరేముంటుంది? ప్లానులో ఉన్నట్టే కడుతున్నవాడికి బోర్డు రక్ష. 'చూసుకో, ఇదీ నా పర్మిషన్' అని వచ్చినవాడి మొహాన చూపించొచ్చు. అట్లా కట్టనివాడికి బోర్డంటే భయం ఉండాల్సిందే.

సంతకం కౌన్సిలర్ చేతికివ్వమని కూడా నేననడం లేదు. ఆ పని చేస్తే వార్డుకొక టౌన్ ప్లానింగ్ సెక్షన్ తయారవుతుంది. సంతకం అధికారిదే, నిబంధన పుస్తకం ప్రకారమే. కౌన్సిలర్‌కు ఉండాల్సింది నలుగురి ముందు మాట్లాడే హక్కు. ఆయన మాట మినిట్స్‌లోకి ఎక్కాలి. చాటుగా ఫోన్ చేసి 'మనోడే, జర చూడు' అనే కౌన్సిలర్, హాల్లో మైకు ముందు అదే మాట అనలేడు.

అభ్యంతరాల సంగతీ తేల్చాలి. మనవాళ్ల అభ్యంతరాలు ఎట్లా ఉంటాయో నాకంటే ఎక్కువ ఎవరికి తెలుసు? సగం వాస్తు. "మా నైరుతి కన్నా మా ఈశాన్యంలో వాళ్ల హెడ్‌రూమ్ ఎత్తయింది, మాకు అరిష్టం" అని ఒకాయన లాయరు నోటీసు పంపినంత పనిచేశాడు. ఇంకొకాయనకు ఎదురింటి గేటు తన గేటుకు ఎదురుగా రాకూడదు. కొందరికి అసలు గొడవ వచ్చేవాళ్ల కులం, మతం. ఇల్లు నిబంధన ప్రకారమే ఉందని తెలిసీ ఏదో ఒక వంక పెడతారు. ఇలాంటివి తీసుకోకూడదు, తీసుకోబోమని దరఖాస్తు ఫారం మీదే అచ్చేయాలి. సెట్‌బ్యాకు, ఎత్తు, పార్కింగ్, మోరీ, వాన నీళ్లు పోయే దారి, చెరువు శిఖం, చప్పుడు చేసే యంత్రాలు, కట్టడం వాడకం. వీటి మీద మాట్లాడితేనే వింటారు. ఫారంలో గడులు పెట్టడం మన పోర్టల్‌కు బాగా వచ్చిన విద్యే కదా!

21 రోజుల గడువు పెంచనక్కర్లేదు కూడా. సింగిల్ విండోలోకి వచ్చే ప్రతి దరఖాస్తుకూ మొదటి 14 రోజులు స్థలంలో బోర్డు ఉండాలి. నాలుగడుగుల ఫ్లెక్సీ చాలు. నాయకుల పుట్టినరోజులకు కట్టేవాటిలో పదో వంతు. తెలుగులో, అవసరమున్న చోట ఉర్దూలో కూడా, స్థలం ఎంత, అంతస్తులెన్ని, దేనికి వాడతారు, బండ్లెన్ని పడతాయి, నాలుగు వైపులా ఎంత వదులుతున్నారు, అభ్యంతరం ఎక్కడ ఇవ్వాలి అన్నవి పెద్దక్షరాల్లో ఉండాలి. హద్దులు పంచుకునే ఇళ్లకు మున్సిపాలిటీ నుంచి కాగితం పోవాలి. వచ్చిన అభ్యంతరం ప్రతిదానికీ మంజూరు పత్రంలో ఒక్క వాక్యం జవాబుండాలి, ఒప్పుకున్నా సరే, కాదన్నా సరే. ఆసుపత్రి, ఫంక్షన్ హాలు, స్కూలు, పెద్ద అపార్ట్‌మెంటు లాంటివైతే కౌన్సిల్ హాల్లో గంటసేపు బహిరంగంగా విచారించాలి. చిన్న ఇళ్లను ఆపొద్దు. అప్పటికప్పుడు అనుమతి వచ్చిన రోజే పక్కిళ్లకు ప్లాను నకలు పోతే చాలు. వదలాల్సిన మీటరు ఎంతో తెలిస్తే వాళ్లే కాపలా కాస్తారు, ఏ టాస్క్‌ఫోర్సూ అంత కాపలా కాయలేదు.

ఇదంతా వినడానికి మనుషులెవరంటారా? 2019 మున్సిపల్ చట్టం వార్డుకు నాలుగు కమిటీలు వేయమంది. యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖులు. కమిటీకి 15 మంది, అంటే ఒక్కో వార్డులో 60 మంది. మా ఊళ్లో ఆ జాబితాలు మొక్కలు నాటే రోజున బయటికొస్తాయి, ఫొటో అయ్యాక లోపలికి పోతాయి. వాళ్లకు మొక్కలతో పాటు మూడు నెలలకోసారి తమ వార్డులో వచ్చిన ప్లాన్ల పట్టీ కూడా ఇవ్వండి. వయోవృద్ధుల కమిటీలో మా టీచరుగారున్నారు. ఆయన చదవకుండా వదిలే కాగితం ఉండదు.

చేయకపోతే ఏమవుతుందో కూడా మనకు అనుభవమే. 2007 డిసెంబరు 31న ఉమ్మడి రాష్ట్రంలో అక్రమ కట్టడాల క్రమబద్ధీకరణకు జీవో వచ్చింది, ఇదే ఆఖరు అన్నారు. 2015లో రెండు రాష్ట్రాల్లోనూ మళ్లీ వచ్చింది. లేఅవుట్లదీ అదే కథ. 2020లో తెలంగాణ లేఅవుట్ల క్రమబద్ధీకరణకు (ఎల్ఆర్ఎస్) తలుపు తీస్తే దాదాపు 25 లక్షల దరఖాస్తులొచ్చాయి. తప్పు కట్టినవాడు ఫీజు కట్టి బయటపడతాడు. ఆ తప్పు వల్ల గాలీ వెలుతురూ పోయిన పక్కింటికి ఆ ఫీజులోంచి పైసా రాదు, క్రమబద్ధీకరించే ముందైనా వాళ్లను ఒక మాట అడగరు. అనుమతిచ్చేటప్పుడు లెక్కలో లేని పొరుగువాడు, క్షమించేటప్పుడూ లెక్కలో లేడు.

దీనికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. జీవో 168ని ఇప్పటికే పలుమార్లు సవరించారు, ఎత్తుల కోసం, పార్కింగ్ కోసం, బిల్డర్లు అడిగిన వెసులుబాట్ల కోసం. పక్కింటి కోసం ఇంకొకసారి సవరించొచ్చు. ప్రభుత్వం దానంతటది కదలకపోతే ఏ కౌన్సిలైనా తీర్మానం చేసి పంపొచ్చు, కామారెడ్డి, జగిత్యాల పంపినట్టే. ఎజెండాలో పెట్టే కౌన్సిలర్ దొరికితే ఆ తీర్మానం ముసాయిదా, బోర్డు నమూనా కొలతలతో సహా నేనే గీసిస్తాను. దీనికి ఫీజు అడగను.